పాత పడవ బేరం: ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి

యర్రగొండపాలెం: శ్రీశైలం జలాశయంలో చేపల వ్యాపారానికి కొత్తపట్నం, వాడరేవు తీరాల నుంచి పాత ఫైబరు పడవ, ఇంజను తెచ్చుకోదలచిన వర్తకులు బయానా ఇచ్చే ముందే సరుకును నిశితంగా పరీక్షించుకోవడం మేలు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి కనుక అడుగుభాగం చూడడానికి అదే అదను. చెక్క సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే లోపలి పొరలు విడిపోయినట్లే. ఇంజను బిగించే వెనుక పలక మెత్తబడి ఉంటే మరమ్మతు ఖర్చు తప్పదు.

అయితే ఒడ్డుమీద ఇంజను గుణం పూర్తిగా తేలదు. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను సులువుగా అందుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడే తాడు లాగించి, నీటి తొట్టెలో నడిపించి చూడాలి. చల్లబరిచే నీరు ధారగా బయటికి రాకపోతే పంపు అరిగి ఉండవచ్చు, లేదా ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోయి ఉండవచ్చు. గేరు ఆయిలు పాలలా తెల్లబడితే సీళ్లు పోయి నీరు చేరిందన్నమాట.

ఇంజనుపై నంబరు పత్రాల్లోని నంబరుతో సరిపోవాలి. పత్రాలు లేని సరుకు చవకగా దొరికినా తిరిగి అమ్మడం కష్టం. చిన్న లోపాలైతే ఆ మేరకు ధర తగ్గించి అడగవచ్చు.