బండి నాదేనా?

రావులపాలెంలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఒక క్లాసిక్ 350 టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఆర్సీ నా పేరు మీదే. పెళ్లికి వారం ముందు డెలివరీ తీసుకున్నాం. ఇప్పుడు విడాకులకు ఇద్దరం కలిసే పిటిషన్ వేశాం. హిందూ వివాహ చట్టం 13బి కింద అయితే పిటిషన్ వేశాక 6 నెలలు ఆగాలి. ఆ గడువును కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మేం మాఫీ అడగలేదు. కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బండి సంగతి తేలలేదు!

బంగారం, బీరువా, ఫ్రిజ్ ఒక్క పూటలో తేలిపోయాయి. తనవి తను తీసుకెళ్లింది. బండి దగ్గరకొచ్చేసరికి అందరూ మాట్లాడేవాళ్లే.

"మనం అడిగామా? వాళ్లే పెట్టారు" అంటుంది అమ్మ. నిజమే, అడగలేదు. "అల్లుడిగారికి బండి లేకపోతే ఏం బాగుంటుందండీ" అని మావయ్యగారే అన్నారు. నేను వద్దనలేదు. మా గోదావరి వైపు ఇలా వద్దనకపోవడాన్ని మర్యాద అంటారు లెండి.

ఆన్‌రోడ్ ధర 2,20,000. డౌన్ పేమెంట్ 90,000 ఆయన కట్టారు. మిగతా 1,30,000 లోను, 36 నెలల ఈఎంఐ నా జీతంలోంచి పోయింది. కాబట్టి బండి నాదే అనుకున్నా. కొత్తపేటలో లాయర్‌గా ఉన్న ఫ్రెండ్‌కి అదే చెప్పా.

"ఆర్సీ ఎవరి పేరు మీదుందని కాదు బావా, డబ్బు ఎందుకిచ్చారని అడుగుతారు" అన్నాడు వాడు.

1961 వరకట్న నిషేధ చట్టం సెక్షన్ 6 ప్రకారం కట్నం ఎవరి చేతికొచ్చినా అమ్మాయికి చేరాల్సిందే. అడక్కుండా ఇచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది. కానీ వాటికి జాబితా రాసి, సంతకాలు పెట్టి ఉంచుకోవాలని 1985 రూల్స్ చెబుతాయి. మా పెళ్లిలో 116 రూపాయల చదివింపు కూడా పుస్తకంలో ఎక్కింది. బండి ఎక్కలేదు.

పోనీ బామ్మర్దికి ఇచ్చేద్దాం, తాళాలు చేతిలో పెడితే సరి అనుకున్నా. దానికి వాడు ఇంకా గట్టిగా కోప్పడ్డాడు. ఆర్సీ మారకుండా బండి చేతులు మారితే, రేపు యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం కేసులో ఓనర్‌గా నా పేరే వస్తుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఇవ్వాలంటే ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. లోను తీరిపోయినా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంటుంది. అది తీయించడానికి ఎన్‌వోసీ, ఫారం 35. నాది మూడేళ్ల కింద తీరిన లోను. ఆ పేరు ఇంకా అలాగే ఉంది.

ఆ రాత్రి ఎక్సెల్ తెరిచా (రోగం, ఏం చేస్తాం). బండి ఇప్పుడు అమ్మితే 1,40,000 వస్తుంది. అందులో ఆయన వాటా 57,272. షీట్ స్క్రీన్‌షాట్ తనకి పంపా. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. గంట తర్వాత రిప్లై: "నాన్న 90 వేలకి వేరేవాళ్ల దగ్గర వడ్డీకి తెచ్చారు. ఆ కాలమ్ పెట్టలేదే?"

నాకు తెలీదు. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే టార్పాలిన్ తీసి స్టార్ట్ చేశా. అరటి మార్కెట్ యార్డు దగ్గర గెలల లారీల మధ్య నుంచి బయటపడి, గౌతమి వంతెన దాటి జొన్నాడ దాకా వెళ్లా. బండి అంటే నాకు చాలా ఇష్టం, అబద్ధం చెప్పను. అమ్మేసి డబ్బు పంచుకోవడం తేలిక. కానీ వంతెన మీద తిరిగొస్తున్నప్పుడు అమ్మబుద్ధి కాలేదు. 57 వేలు ఇవ్వబుద్ధీ కాలేదు.

90,000 పూర్తిగా తన ఖాతాకే పంపించా. బండి నా దగ్గరే ఉంటుందనీ, దాని మీద తనకిక బాకీ లేదనీ ఒప్పందంలో ఒక పేరా రాయించాం. అమ్మకి ఇంకా కోపమే. "తరుగు తీసెయ్యొచ్చుగా" అంటోంది.

సంతకాల రోజు రాజమండ్రిలో కోర్టు బయట తను ఒక్కటే అడిగింది.

"ఆ రెండో హెల్మెట్ నేను కొనుక్కున్నది. పంపించెయ్."

పార్శిల్ చేశా.