వార్తల్లో పదం: కాల్ట్‌మీటె

జర్మనీకి వెళ్లే మన విద్యార్థులకు, ఉద్యోగులకు అద్దె ఇళ్ల ప్రకటనల్లో మొదట కనిపించే పదం 'కాల్ట్‌మీటె'. అర్థం 'చల్లని అద్దె'. ఇది కేవలం ఇంటికి కట్టే అద్దె. దీనికి హీటింగ్, నీళ్లు, చెత్త సేకరణ వంటి ఖర్చులు కలిపితే 'వార్మ్‌మీటె', అంటే 'వెచ్చని అద్దె' అవుతుంది. ఈ ఖర్చులను సాధారణంగా అంచనాగా నెలనెలా కట్టించుకుని, ఏడాదికోసారి లెక్క తేలుస్తారు. వాడకం పెరిగితే తేడా చెల్లించాలి. కరెంటు, ఇంటర్నెట్ బిల్లులు చాలాచోట్ల వేరు.

అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదన్నది చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టవచ్చు. గదుల లెక్కా వేరే. అక్కడ 'రెండు గదుల ఇల్లు' అంటే మన సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లే: ఒక హాలు, ఒక పడకగది. వంటగది లెక్కలోకి రాదు. చాలా ఇళ్లలో పొయ్యి, సింకు కూడా మనమే అమర్చుకోవాలి.

విద్యార్థి వీసాకు 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 యూరోలు చూపాలి. అద్దె, తిండి, ఆరోగ్య బీమా అన్నీ అందులోనే సర్దుకోవాలి. అందుకే రెండు ఊళ్లను పోల్చేటప్పుడు వార్మ్‌మీటెనే చూడండి. చల్లని అద్దెను నమ్ముకుని బయల్దేరితే మొదటి నెలలోనే చేతిలో డబ్బు చాలదు.