గేదె మీద కొంగ

మా మేనకోడలికి కిందటేడు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతానికి ఇంకాస్త కలిపి కెమెరా కొనుక్కుంటానంటూ ఫోన్ చేసి, “మామయ్యా, ఎన్ని మెగాపిక్సెళ్లది తీసుకోమంటావు?” అని అడిగింది.

కొత్తగా కొనేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ఆల్బంలో పెట్టుకునే 6×4 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 22 లక్షలు సరిపోతాయి. 4కే టీవీ తెర నిండటానికి 83 లక్షలు చాలు. ఇప్పుడు దుకాణంలో దొరికే కెమెరాల్లో సాధారణంగా రెండు కోట్లో అంతకు పైనో ఉంటాయి. కాబట్టి ఆ ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. అడగాల్సింది, ఈ కెమెరా ఎంత వెలుతురు పట్టగలదు అని.

మిట్టమధ్యాహ్నపు ఎండ తీవ్రత లక్ష లక్సుల దాకా ఉంటుంది. రాత్రి ట్యూబ్‌లైట్ వేసిన మన గదిలో అది వంద, రెండు వందలు. అంటే వెయ్యి వంతుల్లో ఒక వంతో రెండో. అయినా ఆ గదిలో కూర్చుని హాయిగా పేపరు చదువుకుంటాం. కంటిపాప పెద్దదవుతుంది, రెటీనా సర్దుకుంటుంది, మిగతాది మెదడు చూసుకుంటుంది. కెమెరాకు ఆ సర్దుబాటు లేదు. తన మీద ఎంత పడితే అంత లెక్కపెట్టడమే దాని పని.

ఆ లెక్కపెట్టేది సెన్సర్ అనే సిలికాన్ పలక. కాంతి కణం వచ్చి తగిలితే సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. ప్రతి పిక్సెల్ ఆ ఎలక్ట్రాన్లను దాచుకునే చిన్న గుంట. షట్టర్ మూసుకోగానే ఏ గుంటలో ఎన్ని చేరాయో కొలుస్తారు. కాంతిని ఇలా పోగేసే సీసీడీ అనే పరికరాన్ని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. నలభై ఏళ్ల తర్వాత, 2009లో, వాళ్లకు నోబెల్ వచ్చింది. సీసీడీతో 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో పిక్సెళ్లు పదివేలే. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదకు ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పటి కెమెరాల్లో ఎక్కువగా ఉండేది సీమాస్ సెన్సర్. నిర్మాణం వేరైనా సూత్రం అదే.

సిలికాన్‌కు రంగులు తెలియవు, ఎంత కాంతి పడిందన్నదే తెలుసు. అందుకే ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు గాజు లాంటి పొర వేస్తారు. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంటు వచ్చిన అమరిక ఇది. సగం పిక్సెళ్లకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. మన కన్ను ఆకుపచ్చలోనే సన్నని వివరాలు బాగా పసిగడుతుంది కాబట్టి దానికి రెట్టింపు వాటా. తన దగ్గర లేని రెండు రంగులనూ ప్రతి పిక్సెల్ ఇరుగుపొరుగును అడిగి తెలుసుకుంటుంది.

ఇక అసలు సంగతి. తొలకరి చినుకులు పడేటప్పుడు వాకిట్లో పరిచిన నాపరాళ్లను చూడండి. ఒక రాయి మీద మూడు చినుకులుంటాయి, పక్కదాని మీద ఏడు, ఆ పక్కది పొడిగానే ఉంటుంది. వాన అన్నిటి మీదా ఒకేలా కురుస్తోంది, కానీ చినుకులు తక్కువ కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పావుగంట గట్టిగా కురిశాక ఏ రాయి చూసినా ఒకటే తడి. కాంతి కణాలు రావడమూ ఇంతే. సగటున 100 కణాలు పడే పిక్సెల్ మీద ఓ పది అటూ ఇటూ అవుతాయి. అంటే పది శాతం తేడా. 10,000 పడే చోట తేడా వంద, అంటే ఒక్క శాతం. రాత్రి తీసిన ఫొటోలో గోడ మీద ఇసుక చల్లినట్టు కనిపించే నాయిస్‌లో ఎక్కువ భాగం ఇదే. అది యంత్రం తప్పు కాదు, కాంతి స్వభావం. కెమెరాలో ఐఎస్ఓ అనే సంఖ్యను పెంచితే వెలుతురు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. పడిన కాసిని చినుకులనూ పెద్ద సంఖ్యతో గుణించి చూపిస్తుంది, తేడాలు కూడా వాటితోపాటే పెద్దవవుతాయి.

వాకిలి పెద్దదైతే చినుకులు ఎక్కువ పడతాయి. 36×24 మిల్లీమీటర్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. మధ్యశ్రేణి కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్‌ది దాదాపు 370. జేబులో పట్టే చిన్న కెమెరాల్లో చాలావాటికి 28 మాత్రమే. అట్టపెట్టె మీద ‘1 అంగుళం సెన్సర్’ అని ఉంటే మోసపోకండి. ఆ అంగుళం పాత వీడియో ట్యూబుల కొలత. అసలు వెడల్పు 13.2 మిల్లీమీటర్లు.

మరి ఇలాంటి చిన్న సెన్సర్‌తోనే ఫోన్లు అంత బాగా ఎలా తీస్తున్నాయి? ఒక్క నొక్కుకు వరసగా చాలా ఫొటోలు తీసి సగటు వేస్తాయి. తొమ్మిదింటిని కలిపితే నాయిస్ మూడో వంతుకు తగ్గుతుంది. కదలని గుడి గోపురానికి ఇది దివ్యంగా పనిచేస్తుంది. పరుగెత్తే పిల్లాడు తొమ్మిది ఫొటోల్లో తొమ్మిది చోట్ల ఉంటాడు, అక్కడే తడబడుతుంది. మీరు తీసేవన్నీ పగటి దృశ్యాలైతే, వాట్సాప్‌లో పంపడానికే అయితే, ఫోన్ చాలు, డబ్బు దాచుకోండి.

కొనేవాళ్లకు నా సలహా: బాడీ మీద ఖర్చు తగ్గించి లెన్స్ మీద పెట్టండి. కెమెరాతోపాటు ఇచ్చే 18-55 జూమ్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే సాధారణంగా ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. అక్కడ కాంతి దూరే రంధ్రం సుమారు పది మిల్లీమీటర్లు, బఠాణీ గింజకన్నా కాస్త పెద్దది. జూమ్ లేని 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్‌లో అది 28 మిల్లీమీటర్లు, పది రూపాయల బిళ్లంత. ఎఫ్ 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు. పేరున్న చాలా కంపెనీల లెన్సుల్లో చవకైనవాటిలో ఇదొకటి. ఏపీఎస్-సీ బాడీకి తగిలిస్తే మాత్రం దృశ్యం ఇరుకవుతుంది, చిన్న గదిలో గోడకు ఆనుకుని తీయాలి. ఇంట్లోనే ఎక్కువ తీసేవాళ్లకు 35 మేలు.

సెకండ్‌హ్యాండ్ కెమెరాకు భయపడక్కర్లేదు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. లెన్స్‌ను ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, కొనొద్దు. ఉక్కపోసే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో దీని బెడద ఎక్కువ. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాలి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు కాసేపు సంచిలోనే ఉంచండి, లేకపోతే చల్లటి అద్దం మీద నీరు పడుతుంది.

మేనకోడలు సెకండ్‌హ్యాండ్ ఏపీఎస్-సీ బాడీ, కొత్త 50 లెన్స్ తీసుకుంది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మొదటి రోజు రాత్రి పిల్లల్ని ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతు నుంచి వందో వంతుకు తెస్తే చారలు పోయాయి. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ మరీ నెమ్మదించినా చెయ్యి వణుకు కనిపిస్తుంది. ఆ బాడీ మీద 50 లెన్స్‌కు సెకనులో ఎనభయ్యో వంతు కన్నా దిగకపోతే మంచిది.

మర్నాడు చెరువు గట్టు మీద గేదె, దాని వీపు మీద కొంగ. తను నొక్కింది. తెరమీద గేదె బూడిదరంగులో వచ్చింది, కొంగ తెల్లకాగితం ముక్కలా ఉంది. “ఎదురుగా నల్లగా ఉంది కదా, ఇలా ఎందుకొచ్చింది?” అంది.

కెమెరాకు గేదె తెలియదు. ఏ దృశ్యమైనా సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందన్నది దాని నమ్మకం. ఫ్రేమ్ నిండా నలుపు కనిపిస్తే చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. తెల్ల పంచెల పెద్దలంతా వరసగా నిలబడితే మరీ వెలుగనుకుని తగ్గించేస్తుంది. ఇప్పటి కెమెరాలు కొంత తెలివిగా అంచనా వేస్తున్నా ఈ గుణం పూర్తిగా పోలేదు. సరిదిద్దడానికే ప్లస్-మైనస్ గుర్తున్న బటన్ ఉంది. పంచెలకు ప్లస్, గేదెకు మైనస్. రెండూ ఒకే చోట ఉంటే తెలుపునే కాపాడాలి. నిండి పొర్లిన గుంటలో ఎన్ని కణాలు పడ్డాయో తర్వాత ఎవరూ చెప్పలేరు. చీకట్లో మాత్రం ఎంతోకొంత లెక్క మిగిలే ఉంటుంది. జేపెగ్ ఫైలు ఒక్కో రంగును 256 మెట్లుగా దాస్తుంది. సెన్సర్ లెక్కను ఉన్నదున్నట్టు దాచే 14 బిట్ల రా ఫైల్లో 16,384 మెట్లుంటాయి, నల్లటి చోట్లను తర్వాత పైకి లేపుకోవచ్చు.

రా ఫైలు పెట్టి, మైనస్ ఒకటి తిప్పింది. కొంగ మెడ గీత తెలిసింది. మైనస్ రెండు దగ్గర రెక్కలో ఈకలు విడివిడిగా కనిపించాయి. గేదె మాత్రం బొగ్గుకుప్పలా ఉంది. సాయంత్రం ల్యాప్‌టాప్‌లో నీడలు మెల్లగా లేపుతూ పోతే, దాని వీపు మీద ఎండిన బురద చారికలు, ఆ చారికల మీద కొంగ కాలి వేళ్లు పైకి తేలాయి.