కంపన నిదానం

‘నిదానం’ అనే సంస్కృత పదం తెలుగులోకి వచ్చి రెండు దారులు పట్టింది. వాడుకలో అది నెమ్మది, తొందరపాటు లేకపోవడం. ఆయుర్వేదంలో అది రోగానికి మూలకారణం. ఆ కారణాన్ని నిర్ణయించే విద్య కూడా. మాధవకరుడు రచించిన గ్రంథం ‘మాధవనిదానం’గా ప్రసిద్ధి పొందింది ఈ రెండవ అర్థంలోనే. రోగాన్ని తెలుసుకొనేందుకు ప్రాచీన వైద్యులు ఐదు ఆధారాలు చెప్పారు. నిదానం అంటే కారణం. పూర్వరూపం అంటే వ్యాధి బయటపడకముందు కనిపించే సూచన. రూపం అంటే స్పష్టమైన లక్షణం. ఉపశయం అంటే దేనివల్ల ఉపశమనం కలుగుతుందో పరీక్షించి చూడడం. సంప్రాప్తి అంటే వ్యాధి దేహంలో ఏర్పడిన క్రమం. మనిషి దేహానికి చెప్పిన ఈ పద్ధతి లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారుకు కూడా చక్కగా సరిపోతుంది.

మధిర ఖమ్మం జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న పట్టణం. చుట్టూ పత్తి, మిరప పండే నల్లరేగడి పొలాలు. పల్లెల మధ్య సాగే రోడ్లపై ట్రాక్టర్లు, గేదెల మందలు, ఎడ్లబండ్లు అడ్డు వస్తూ ఉంటాయి కనుక అక్కడ కారు గంటకు 50 కిలోమీటర్ల వేగాన్ని దాటడం అరుదు. అదే కారు సరిహద్దు దాటి నందిగామ దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కగానే 80, 90 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంటుంది. అంతవరకు అణగి ఉన్న లోపం అప్పుడు బయటపడుతుంది. డ్రైవరు చేతిలో స్టీరింగు వణకడం మొదలవుతుంది. 80 దగ్గర పుట్టిన వణుకు 90 దగ్గర ముదిరి, ఇంకా వేగం పెంచితే తగ్గిపోవడం కూడా కద్దు.

ఈ వణుకును ఎదుర్కొనే తీరు రెండు విధాలుగా ఉంటుంది. “పాత బండి, వణకక ఏం చేస్తుంది?” అని ఊరుకొనేవారు కొందరు. ఎవరు ఏ భాగం పేరు చెబితే ఆ భాగం మార్పించేవారు మరికొందరు. విజయవాడ ఆసుపత్రికి నిండు గర్భిణిని తీసుకొని బయలుదేరిన కారులో మొదటి వైఖరి ప్రాణాపాయం. రెండవది అప్పు తెచ్చి కారు నడుపుకొనే చిన్న ట్యాక్సీ యజమానికి కుటుంబ భారం. వణుకు ఒక రోగం కాదు, లక్షణం మాత్రమే. జ్వరం వంటిది. దాని వెనుక ఇరవై గ్రాముల సీసపు బిళ్ళ రాలిపోవడం ఉండవచ్చు. పగలబోతున్న టైరూ ఉండవచ్చు.

ఇరవై గ్రాములు అంత పని చేస్తాయా అన్న సందేహం సహజం. భౌతికశాస్త్రం చదివే విద్యార్థి దీనిని స్వయంగా లెక్కకట్టవచ్చు. 14 అంగుళాల రిమ్ముకు టైరు తొడిగిన చక్రం చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు అనుకొందాం. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు దాదాపు 13 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకవైపు ఇరవై గ్రాములు ఎక్కువ ఉంటే, ఆ వేగంలో పుట్టే అపకేంద్ర బలం సుమారు 23 న్యూటన్లు. రమారమి రెండున్నర కిలోల బరువు కలిగించే లాగుడు అది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి, సెకనుకు పదమూడు సార్లు. ఈ బలం వేగం యొక్క వర్గాన్ని అనుసరిస్తుంది కనుక గంటకు 45 కిలోమీటర్ల దగ్గర అందులో నాలుగోవంతే ఉంటుంది. అందుకే మధిర వీధుల్లో కారు పెద్దమనిషిలా నడుస్తుంది.

అయితే వేగం పెరిగేకొద్దీ బలం పెరగవలసి ఉండగా, 100 దాటిన తరువాత వణుకు తగ్గడమెందుకు? దీనికి అనునాదం సమాధానం. అట్లతద్దినాడు ఉయ్యాల ఊపే పిల్లలకు ఈ సూత్రం తెలుసు. ఉయ్యాల తనంతట తాను వచ్చిపోయే లయకు సరిగ్గా సరిపడేటట్లు తోస్తే చిన్న తోపుకే అది కొమ్మలనందుకొంటుంది. లయ తప్పితే ఎంత బలంగా తోసినా ప్రయోజనం ఉండదు. ఇంగ్లండులో మాంచెస్టరు సమీపాన 1831లో సైనికులు ఒకే లయలో అడుగులు వేస్తూ నడవగా బ్రౌటన్ వంతెన కూలిన సంగతి ప్రసిద్ధమే. టైరుకూ స్ప్రింగుకూ నడుమ వేలాడే చక్రానికి సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 కంపనాల సహజ పౌనఃపున్యం ఉంటుంది. గంటకు 90 కిలోమీటర్ల దగ్గర చక్రపు భ్రమణం ఆ లయను పట్టుకొంటుంది. వేగం దానిని దాటితే లయ తప్పుతుంది. తగ్గింది వణుకే, లోపం కాదు. షాక్ అబ్జార్బర్లు అరిగిన పాత కారులో ఈ కంపనాన్ని అణచేవారు లేరు కనుక చిన్న లోపం కూడా పెద్దదై కనిపిస్తుంది.

ఎడ్లబండి చక్రం చేసే వడ్రంగి కుండలో ఆకులు బిగించి, పైన ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కిస్తాడు. అతడు చక్రం గుండ్రంగా ఉందా అని చూస్తాడే గాని బరువు అన్నివైపులా సమానమా అని తూచడు. తూచవలసిన అవసరం లేదు. గంటకు నాలుగు కిలోమీటర్ల నడకలో చక్రానికి పుట్టే ఈ బలం, అదే చక్రం 90 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పుట్టే దానిలో ఐదువందల వంతు మాత్రమే. చక్రం పాతదే, దానికి తూనిక తెచ్చిపెట్టింది వేగం.

ఇక రూప పరీక్ష. అడగవలసిన మొదటి ప్రశ్న, వణుకు ఎక్కడ తెలుస్తున్నదని. స్టీరింగు వణికితే దోషం చాలావరకు ముందు చక్రాలలో ఉంటుంది. స్టీరింగు నిలకడగా ఉండి సీటు, కారు అడుగుభాగం వణికితే వెనుక చక్రాలను అనుమానించాలి. రెండవ ప్రశ్న, ఎప్పుడని. ఏ వేగంలో మొదలైంది, ఎక్కడ ముదిరింది, ఎక్సలేటరు తొక్కినప్పుడు మారుతున్నదా, బ్రేకు నొక్కినప్పుడా. పద్దెనిమిదేళ్ళు నిండని విద్యార్థి కారు నడపరాదు గాని, వెనుక సీటులో కూర్చొని ఈ వివరాలు కాగితంపై రాసిపెట్టవచ్చు. చేతులు స్టీరింగుపై, కళ్ళు రోడ్డుపై ఉంచవలసిన డ్రైవరు కంటే అతడే మంచి పరిశీలకుడు. మెకానిక్కు దగ్గరకు వెళ్ళి “బండి వణుకుతోంది” అని చెప్పడానికీ, “82 దగ్గర స్టీరింగులో మొదలై 95 దగ్గర ఆగుతోంది, బ్రేకుతో సంబంధం లేదు” అని చెప్పడానికీ ఎంతో భేదం ఉంది.

బ్రేకు నొక్కినప్పుడే వణికితే ముందు బ్రేకు డిస్కులు అరుగుదలలో హెచ్చుతగ్గులు పొందాయని ఊహించవచ్చు. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఎక్సలేటరు గట్టిగా తొక్కినప్పుడు ఊగి, కాలు తీయగానే శాంతిస్తే, యాక్సిల్ లోపలి జాయింటు అరిగి ఉండవచ్చు. సుమో, బొలేరో వంటి బండ్లలో ఇంజిను శక్తిని వెనుకకు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. అది చక్రం కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. కనుక దాని దోషం ఊపులా కాక, కాళ్ళ కింద జుమ్మనే మోతలా తెలుస్తుంది. ఆ షాఫ్టు చివరల క్రాస్ జాయింట్లు అరిగితే కొత్త టైర్లు వేసినా ఫలితం ఉండదు. ఇంజిను సంగతి తేల్చడం సులభం. కారు నిలిపి, గేరు లేకుండా ఇంజిను వేగం పెంచాలి. అప్పుడూ అదే వణుకు వస్తే దోషం ఇంజినులోనో, దాని ఫౌండేషన్ రబ్బర్లలోనో ఉంది, చక్రాలది కాదు.

ఈ పరిశీలన అంతా టైర్లు చూసిన తరువాతే రోడ్డుపై చేయాలి. ఈ క్రమాన్ని తారుమారు చేయడం సాహసం కాదు, అవివేకం. కారు నిలిపి ప్రతి టైరును లోపలివైపు కూడా అరచేతితో తడమాలి. ఎక్కడైనా ఉబ్బు తగిలినా, పైపొర అలలా లేచినట్లు కనిపించినా లోపలి ఉక్కు తీగల పొర విడిపోతున్నదని అర్థం. రోజురోజుకూ పెరిగే వణుకు దాని పూర్వరూపం. అటువంటి టైరుతో హైవే మాట అటుంచి, ఊరు కూడా దాటకూడదు. టైరు పక్కభాగంపై నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. 3519 అని ఉంటే అది 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని. ఖమ్మం జిల్లా ఎండలకు రబ్బరు నిలిచి ఉన్నా ముసలిదవుతుంది. గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు బాగున్నదనుకోరాదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే మాత్రం మార్చక తప్పదు. ఆ ఎత్తున గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మెలు హద్దుగా ఉంటాయి.

మధిర ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం ఒకటున్నది. వానాకాలంలో పొలం గట్టుదాకా వెళ్ళివచ్చిన కారు రిమ్ము లోపలివైపు నల్లరేగడి పట్టి, ఎండి, రాయిలా బిగుసుకొంటుంది. వంద గ్రాముల మట్టి పెళ్ళ ఒకవైపు అంటుకొంటే పై లెక్కలోని బలం ఐదింతలవుతుంది. దీనికి మెకానిక్కు అక్కరలేదు. బక్కెట్టు నీళ్ళు, చీపురు చాలు. బయటివైపు మెరిసేటట్లు కడిగి లోపలివైపు వదిలేసేవారే ఎక్కువ.

తరువాత చక్రాన్ని జాకీపై లేపాలి. మిగిలిన చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. జాకీని నమ్మి కారు కిందికి దూరకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే కదలిక ఉంటే బేరింగు లేదా బాల్ జాయింటు, కుడి ఎడమలు పట్టుకొని ఊపితే కదిలితే టై రాడ్ చివరలు అరిగాయన్నమాట. పిమ్మట ఒక పుల్లను రిమ్ము అంచుకు దగ్గరగా కదలకుండా నిలిపి చక్రాన్ని మెల్లగా తిప్పాలి. పుల్లకూ అంచుకూ నడుమ సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గితే రిమ్ము వంగింది. బరువు లారీలు తిరిగే రోడ్ల గుంతలలో పడిన కారుకు ఇది మామూలే. వంగిన రిమ్ముకు ఎన్ని బిళ్ళలు అతికించినా ప్రయోజనం స్వల్పం.

ఈ దశలో ఉపశయ పరీక్ష ఉపకరిస్తుంది. ముందు చక్రాలను వెనుకకు, వెనుక చక్రాలను ముందుకు మార్చి అదే రోడ్డుపై, అదే వేగంతో నడపాలి. వణుకు స్టీరింగు విడిచి సీటులోకి వెళితే దోషం ఆ చక్రాలతోపాటు ప్రయాణించినట్లు. స్టీరింగులోనే ఉండిపోతే చక్రాలు నిర్దోషులు. బేరింగులు, జాయింట్ల వైపు చూడాలి. ఒక్క రూపాయి విడిభాగాలు కొనకుండానే సగం సందేహం తీరుతుంది.

దుకాణం బోర్డుపై పక్కపక్కనే కనిపించే బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు ఒకటి కావు. మొదటిది చక్రం చుట్టూ బరువును సమం చేస్తుంది. రెండవది చక్రాలు నిలిచే కోణాలను సరిచేస్తుంది. కారు పక్కకు లాగడం, టైరు ఒకవైపే అరగడం దానివల్ల కుదురుతాయి. వణుకుకు అలైన్‌మెంటు చేయించి నిరాశపడేవారు అనేకులు.

దేవాసుర యుద్ధంలో దశరథుని రథానికి కడచీల ఊడిపోగా కైక తన వేలిని ఆ స్థానంలో ఉంచిందని జనశ్రుతి. నేటి చక్రానికి ఆ కడచీల పని చేసేవి నాలుగైదు నట్లు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ వాటిని ఎదురెదురుగా బిగించాలి. వరుసగా ఒకవైపు నుంచి బిగిస్తే చక్రం సమంగా కూర్చోదు, పోయిన వణుకు మళ్ళీ వస్తుంది. యాభై, వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత మరొకసారి పానా వేసి చూడాలి. ఆపైన నందిగామ రహదారిపై అదే 82 దగ్గర, వెనుక సీటులోని విద్యార్థి కాగితం ముందు పెట్టుకొని, స్టీరింగు ఎలా ఉందో గమనించాలి.