యూనిట్ 7: ఇరుసు లేని చక్రానికి వెలుగు – ప్రోగ్రామ్‌తో నడిచే ఎల్.ఇ.డి. సర్కస్ చక్రం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• తిరిగే వస్తువుకు విద్యుత్తు అందించడంలో ఉన్న చిక్కును వివరించగలుగుతారు.
• ఎల్.ఇ.డి. పట్టీకి కావలసిన కరెంటును, బ్యాటరీ పనిచేసే కాలాన్ని లెక్కకట్టగలుగుతారు.
• చక్రం మీది బరువులను సమతూకంలో అమర్చగలుగుతారు.
• చక్రం తిరుగుతున్నా వెలుగు ఒకచోట నిలబడేలా ప్రోగ్రామ్ తర్కాన్ని రాయగలుగుతారు.

7.1 పరిచయం

పెద్దగట్టు జాతరకో, చెర్వుగట్టు జాతరకో వెళ్లినప్పుడు రాత్రిపూట దీపాలతో తిరిగే జెయింట్ వీల్‌ను మీరు చూసే ఉంటారు. దానికి మధ్యలో ఇరుసు ఉంటుంది. ఎడ్లబండి చక్రానికైనా, సైకిల్ చక్రానికైనా అంతే. ఈ యూనిట్‌లో మనం దీపాలు అమర్చబోయే చక్రానికి ఇరుసు లేదు, ఆకులు లేవు. అది ఒట్టి లోహపు వలయం. సర్కస్ కళాకారుడు దాని లోపల నిలబడి, చేతులతో అంచును పట్టుకొని, చక్రంతో పాటు తానూ దొర్లుతాడు. ఒక్కోసారి నేలమీద తిప్పి వదిలిన రూపాయి బిళ్లలా గిరగిరా తిరుగుతాడు.

జర్మనీలో ఒట్టో ఫైక్ 1925లో రెండు వలయాలను అడ్డకమ్మీలతో కలిపిన వ్యాయామ చక్రాన్ని రూపొందించాడు. ఒకే వలయం గల చక్రం మాత్రం కెనడాలోని క్యూబెక్‌కు చెందిన దానియెల్ సిర్ 2003లో పారిస్ సర్కస్ ఉత్సవంలో ప్రదర్శించిన తరువాత ప్రపంచమంతటా వ్యాపించింది. అందుకే దాన్ని ‘సిర్ చక్రం’ అంటారు.

ఈ చక్రం అందమంతా దాని మధ్యనున్న ఖాళీలోనే ఉంది. మన ఇబ్బందులన్నీ పుట్టేదీ అక్కడే. ఇరుసు లేదు కాబట్టి బ్యాటరీ, తీగలు, ప్రోగ్రామ్ బోర్డు అన్నీ అంచుమీదనే ప్రయాణించాలి. అంచుమీద పెట్టిన ప్రతి బరువుకూ ఎదురుగా మరో బరువు జవాబు చెప్పాలి. ఈ యూనిట్‌లోని ప్రతి లెక్కా ఈ రెండు మాటల నుంచే వస్తుంది.

హాలియా వంటి పట్టణంలో ఉన్న అభ్యాసకులకు ఈ ప్రాజెక్టు అందుబాటులోనే ఉంటుంది. పైపును వలయంగా వంచడానికి వెల్డింగ్ షాపు, తొలి ప్రయోగానికి పాత రిమ్ము ఇవ్వడానికి సైకిల్ షాపు దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ భాగాలు దగ్గరలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొనవచ్చు.

7.2 తిరిగే దానికి కరెంటు ఎలా?

గోడలోని ప్లగ్గు నుంచి తీగ లాగి తిరిగే చక్రానికి కలిపితే నాలుగు చుట్లలో తీగ మెలిపడి తెగిపోతుంది. ఇరుసు ఉన్న యంత్రాలకు ఒక పరిష్కారం ఉంది. ఇరుసు చుట్టూ లోహపు ఉంగరాలు అమర్చి, వాటిని ఒరుసుకుంటూ ఉండేలా కార్బన్ బ్రష్‌లు పెడతారు. ఉంగరం తిరుగుతుంది, బ్రష్ కదలదు, కరెంటు మాత్రం ఆగదు. వీటినే స్లిప్ రింగులు అంటారు. హాలియాకు సమీపంలోని నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 815.6 మెగావాట్లు. జలవిద్యుత్ కేంద్రాల్లో వాడే పెద్ద జనరేటర్లలోనూ, తిరిగే రోటారును అయస్కాంతంగా మార్చే కరెంటును సాధారణంగా ఈ స్లిప్ రింగుల ద్వారానే పంపుతారు.

మన చక్రానికి ఆ అవకాశం లేదు. ఉంగరాలు ఉండవలసిన చోట మనిషి నిలబడతాడు. కాబట్టి బ్యాటరీ చక్రంతో పాటే తిరగాలి. ఇందులో ఒక మేలు కూడా ఉంది. అలంకరణ సీరియల్ సెట్లలో పారే 230 వోల్టులు ప్రాణాంతకం. మనిషి చేతులతో, చెమటతో పట్టుకునే లోహపు చక్రం మీదికి ఆ వోల్టేజి ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు. మనం వాడేది 5 వోల్టులు మాత్రమే.

7.3 పట్టీ పనిచేసే తీరు

కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ 1962లో తయారుచేశాడు. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ చేతికి వచ్చాకనే ఒకే బిందువులో అన్ని రంగులూ సాధ్యమయ్యాయి.

డబ్ల్యూఎస్2812 రకం పట్టీలో ప్రతి ఎల్.ఇ.డి.లోనూ ఈ మూడు రంగుల చిప్పులతో పాటు ఒక చిన్న నియంత్రణ చిప్పు ఉంటుంది. ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకు 256 స్థాయిలు. మొత్తం 256 × 256 × 256 = 1,67,77,216 రంగులు.

ఇన్ని ఎల్.ఇ.డి.లకు ఒకే సమాచార తీగ ఎలా సరిపోతుంది? బంతి భోజనంలో విస్తళ్ల కట్టను మొదటివాడి చేతికి ఇస్తే, అతడు పైది ఒకటి తీసుకొని మిగతా కట్టను పక్కవాడికి అందిస్తాడు. ఇక్కడా అంతే. బోర్డు వరుసగా పంపే సమాచారంలో మొదటి 24 బిట్లను మొదటి ఎల్.ఇ.డి. తీసుకొని మిగిలినవి ముందుకు పంపుతుంది. దీని పర్యవసానం గుర్తుంచుకోండి: మధ్యలో ఒకటి చెడిపోతే కట్ట అక్కడే ఆగిపోతుంది, దాని తరువాతివేవీ కొత్త ఆజ్ఞను అందుకోవు.

7.4 కరెంటు లెక్క

పట్టీ అతికించే గీత దగ్గర చక్రం వ్యాసం 1.75 మీటర్లు అనుకుందాం. చుట్టుకొలత 3.14 × 1.75 = సుమారు 5.5 మీటర్లు. మీటరుకు 30 ఎల్.ఇ.డి.లు గల పట్టీ తీసుకుంటే మొత్తం 165.

పూర్తి తెల్లని వెలుగులో ఒక్కో ఎల్.ఇ.డి. సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది.
165 × 60 = 9,900 మిల్లీ ఆంపియర్లు, అంటే 9.9 ఆంపియర్లు.
సామర్థ్యం 9.9 × 5 = 49.5 వాట్లు.

మామూలు పవర్‌బ్యాంకు ఇంత ఇవ్వలేదు, ఇంత వెలుగు చీకటి గదిలో అవసరమూ లేదు. ప్రోగ్రామ్‌లో గరిష్ఠ ప్రకాశాన్ని 255కు బదులు 51కి కట్టడి చేయండి. అది ఐదో వంతు. అప్పుడు మొత్తం కరెంటు దాదాపు 2 ఆంపియర్లు, సామర్థ్యం 10 వాట్లు. ఈ భారాన్ని రెండు చిన్న పవర్‌బ్యాంకులకు పంచితే ఒక్కోదాని మీద 5 వాట్లు పడుతుంది.

5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్‌బ్యాంకులోని శక్తిని లోపలి సెల్లు వోల్టేజితో లెక్కించాలి: 5 × 3.7 = 18.5 వాట్ అవర్లు. మార్పిడి నష్టాలు పోగా 15 వస్తాయనుకుంటే, 15 ÷ 5 = 3 గంటలు. చాలామంది 3.7కు బదులు 5తో గుణించి ఎక్కువ కాలం వస్తుందని ఆశపడతారు. అది సరికాదు.

7.5 సమతూకం

12 కిలోల చక్రం అంచుమీద 250 గ్రాముల పెద్ద పవర్‌బ్యాంకు ఒక్కటే కట్టామనుకోండి. గురుత్వ కేంద్రం జరిగే దూరం:
(0.25 × 0.875) ÷ 12.25 = 0.018 మీటరు, అంటే 1.8 సెంటీమీటర్లు.

ఇది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. కానీ వదిలిన ప్రతిసారీ చక్రం బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది. దొర్లుతున్నప్పుడు ప్రతి చుట్టులోనూ ఒకసారి వేగం హెచ్చి, ఒకసారి తగ్గుతుంది. లోపలున్న మనిషి దేహం ఆ తేడాను వెంటనే గుర్తిస్తుంది, అడుగు తడబడుతుంది. అందుకే ఒకే బరువుగల రెండు పవర్‌బ్యాంకులను సరిగ్గా ఎదురెదురుగా కట్టాలి. ప్రోగ్రామ్ బోర్డు బరువుకు ఎదురుగా అంతే బరువుగల ఇనుప బిళ్ల అతికించాలి.

కట్టు ఎంత గట్టిగా ఉండాలి? చక్రం సెకనుకు ఒక చుట్టు తిరిగితే అంచు దగ్గర అభికేంద్ర త్వరణం సుమారు 34.5 మీటర్లు/సెకను², అంటే గురుత్వ త్వరణానికి మూడున్నర రెట్లు. 120 గ్రాముల పవర్‌బ్యాంకు దాదాపు 420 గ్రాముల బరువుతో బయటికి లాగుతున్నట్లుంటుంది. ఒట్టి టేపు చాలదు. క్లాంపు లేదా రెండు వరుసల ప్లాస్టిక్ ట్యాగులు వాడండి.

7.6 తీగలు కలిపే విధానం

చక్రాన్ని గడియారం ముఖంలా ఊహించుకోండి.

1. 12 గంటల దగ్గర మొదటి పవర్‌బ్యాంకు, 5 వోల్టుల ఆర్డుయినో నానో బోర్డు ఉంచండి. 6 గంటల దగ్గర రెండో పవర్‌బ్యాంకు.
2. పట్టీ 12 దగ్గర మొదలై చుట్టూ తిరిగి 12 దగ్గరే ముగుస్తుంది. అది ఒకే దిశలో వంగుతుంది కాబట్టి చక్రం లోపలి వైపే అతికించాలి. బయటి వైపు నేల ఒరుసుకుంటుంది.
3. మొదటి పవర్‌బ్యాంకు ప్లస్, మైనస్ తీగలను పట్టీ రెండు కొసలకూ కలపండి. రెండోదాన్ని 6 దగ్గర కలపండి.
4. 3 గంటల దగ్గర, 9 గంటల దగ్గర ప్లస్ మార్గాన్ని మాత్రం తెంచండి. రెండు పవర్‌బ్యాంకుల ప్లస్‌లు ఎన్నడూ కలవకూడదు. మైనస్, సమాచార తీగలు కొనసాగాలి.
5. బోర్డుకు, పట్టీకి మధ్య సమాచార తీగలో 470 ఓమ్‌ల నిరోధం, కరెంటు ఇచ్చే రెండు చోట్లా 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి.

పట్టీలోని రాగి రేకు పలుచన. దూరం పోయేకొద్దీ వోల్టేజి తగ్గి, ముందుగా నీలం మందగించి తెలుపు ఎరుపెక్కుతుంది. పై అమరికలో ఏ ఎల్.ఇ.డి. అయినా కరెంటు ఇచ్చే చోటుకు పావు చుట్టు, అంటే 1.4 మీటర్లకు మించి దూరంలో ఉండదు. వలయాకారం మనకిచ్చిన వెసులుబాటు ఇది.

7.7 కంటికి కనిపించేది

దీపావళినాడు కాకరపువ్వొత్తిని గుండ్రంగా తిప్పితే గీతలా కనిపిస్తుంది. కంటిలో ప్రతిబింబం సుమారు సెకనులో 16వ వంతు కాలం నిలుస్తుందని మీరు చదివారు. సెకనుకు ఒక చుట్టు తిరిగే మన చక్రం అంచు ఆ కాలంలో 5.5 ÷ 16 = 0.34 మీటరు కదులుతుంది. అంటే ఒక్క ఎల్.ఇ.డి. 34 సెంటీమీటర్ల గీత గీస్తుంది.

చక్రం నేలమీద దొర్లేటప్పుడు మరో విశేషం గమనించండి. నేలను తాకే బిందువు ఆ క్షణంలో నిశ్చలం. శిఖరాన ఉన్న బిందువు వేగం కేంద్రం వేగానికి రెట్టింపు. అందువల్ల కింది దీపాలు చుక్కలుగా, పై దీపాలు గీతలుగా కనిపిస్తాయి. ఇది ప్రోగ్రామ్ చేసే పని కాదు, దొర్లుడు చేసే పని.

7.8 ప్రోగ్రామ్ తర్కం

ఒక్కో ఎల్.ఇ.డి.కి సమాచారం పంపడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. 165కి సుమారు 5 మిల్లీసెకన్లు. బోర్డు జ్ఞాపకంలో 165 × 3 = 495 బైట్లు చాలు. నానోలో 2,048 ఉన్నాయి.

అన్నిటికన్నా ఆకట్టుకునే నమూనా, చక్రం తిరుగుతున్నా వెలుగు ఒకేచోట నిలబడటం. చక్రం ముందుకు ఎంత తిరిగితే వెలుగును పట్టీ మీద అంతే వెనక్కి జరపాలి. తిరిగిన కోణాన్ని తెలుసుకోవడానికి ఎంపీయూ-6050 అనే జైరోస్కోపు సెన్సరు వాడతాం. అది కోణీయ వేగాన్ని సెకనుకు డిగ్రీల్లో చెబుతుంది.

ఒక్కో ఎల్.ఇ.డి.కి కోణం: 360 ÷ 165 = 2.18 డిగ్రీలు.

ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి:
(అ) కోణీయ వేగం చదవాలి.
(ఆ) దాన్ని 0.02తో గుణించి, వచ్చిన కోణాన్ని పాత కోణానికి కలపాలి.
(ఇ) మొత్తం కోణాన్ని 2.18తో భాగించి, అన్ని స్థానాలు వెనక్కి జరిపి వెలిగించాలి.

సెకనుకు ఒక చుట్టు వేగంలో ఒక్కో అడుగుకు 7.2 డిగ్రీలు, అంటే 3.3 స్థానాలు వస్తాయి. ఆ 0.3ను ప్రతిసారీ వదిలేస్తే సెకనుకు 50 అడుగుల్లో 15 స్థానాల తేడా పేరుకుంటుంది, నిలబడవలసిన వెలుగు జారిపోతుంది. కాబట్టి కోణాన్ని దశాంశాలతో దాచుకోండి, పూర్ణాంకంగా మార్చడం చివరి మెట్టులోనే. సెన్సరు నిశ్చలంగా ఉన్నా కొద్దిపాటి వేగం చూపిస్తుంది. స్విచ్ వేసిన మొదటి రెండు సెకన్లు చక్రాన్ని కదపకుండా పట్టుకొని, ఆ సున్నా దోషాన్ని కొలిచి తీసివేయాలి.

7.9 జాగ్రత్తలు

• ముందు సైకిల్ రిమ్ము మీద అభ్యాసం చేయండి. పెద్ద చక్రాన్ని మనిషి ఎక్కకుండా దొర్లించి చూపితే ఈ ప్రాజెక్టుకు చాలు. శిక్షకుని పర్యవేక్షణ లేకుండా ఎవరూ లోపల నిలబడరాదు.
• కళాకారుడు ఎక్కే చక్రమైతే పాదాలు మోపే చోట పట్టీని కత్తిరించి తీగతో కలపండి. ఆ ఖాళీ స్థానాలను ప్రోగ్రామ్‌లో లెక్కలో ఉంచండి, లేకపోతే వెలుగు అక్కడ దూకుతుంది.
• కరెంటు మరీ తగ్గితే చాలా పవర్‌బ్యాంకులు వాటంతట అవే ఆగిపోతాయి. చక్రమంతా ఎక్కువసేపు చీకటిగా ఉండే నమూనా పెట్టకండి.
• నల్లగొండ జిల్లా ఎండలో పవర్‌బ్యాంకును వదలకండి. ఉబ్బిన దాన్ని మళ్లీ వాడకండి.

7.10 సారాంశం

ఇరుసు లేని చక్రంలో బ్యాటరీ అంచుమీదే ఉండాలి. ప్రకాశాన్ని ఐదో వంతుకు కట్టడి చేస్తే రెండు చిన్న పవర్‌బ్యాంకులు మూడు గంటలు నడిపిస్తాయి. వాటిని ఎదురెదురుగా ఉంచితే సమతూకం, కరెంటు పంపిణీ రెండూ ఒకేసారి కుదురుతాయి. వెలుగును నిలబెట్టడానికి కోణాన్ని దశాంశాలతో సహా దాచుకోవాలి.

7.11 మీ అవగాహనను సరిచూసుకోండి

1. 2 మీటర్ల చుట్టుకొలత గల సైకిల్ రిమ్ముకు మీటరుకు 30 ఎల్.ఇ.డి.ల పట్టీ అమర్చారు. ఒక్కో ఎల్.ఇ.డి.కి కోణమెంత? పూర్తి తెల్లని వెలుగులో కరెంటు ఎంత?
2. ఆ రిమ్ము సెకనుకు 180 డిగ్రీలు తిరుగుతోంది. ప్రతి 20 మిల్లీసెకన్లకు భిన్నాన్ని వదిలేస్తే ఏమవుతుంది?
3. పెద్ద చక్రంలో సమాచారం 12 నుంచి 3, 6, 9 మీదుగా పోతోంది. 6 దగ్గరి పవర్‌బ్యాంకు ఆగిపోతే ఏ భాగం సరిగా పనిచేస్తుంది?

జవాబులు

1. 60 ఎల్.ఇ.డి.లు, 6 డిగ్రీలు, 3.6 ఆంపియర్లు.
2. ఒక్కో అడుగుకు 3.6 డిగ్రీలు, అంటే 0.6 స్థానం. పూర్ణాంకం ఎప్పుడూ సున్నాయే కాబట్టి వెలుగు పట్టీ మీద అసలు జరగదు, రిమ్ముతో పాటే తిరిగిపోతుంది.
3. 12 నుంచి 3 వరకు మాత్రమే. 3 నుంచి 9 వరకు కరెంటు లేదు. 9 నుంచి 12 వరకు కరెంటు ఉన్నా కొత్త సమాచారం అందదు. ఒక్క పవర్‌బ్యాంకు ఆగితే చక్రంలో మూడు పావులు అదుపు తప్పుతాయి. కాబట్టి ప్రతి ప్రదర్శనకు ముందు రెండింటి ఛార్జీనీ చూడండి.