రెండు పాయల మెలిక

ఆఫ్రికన్ మూలాలున్న చాలామంది జుట్టు చుట్టలు చుట్టలుగా పెరుగుతుంది. మాడు మీద ఊరే సహజమైన నూనె ఆ మెలికలన్నీ దాటి చివర్ల దాకా సరిగా చేరదు. అందుకే తొందరగా పొడిబారుతుంది, మొరటుగా దువ్వితే పుటుక్కున తెగుతుంది.

అమెరికాలో నల్లజాతి మహిళలు దీనికి వాడే ఉపాయాల్లో 'టూ స్ట్రాండ్ ట్విస్ట్' ఒకటి. తలస్నానం చేశాక, తడి ఆరకముందే కండిషనర్ పట్టించి, చివర్ల నుంచి పైకి వేళ్లతో చిక్కు తీస్తారు. చిన్న పాయను రెండుగా చీల్చి, తాడు పేనినట్టు ఒకదాని చుట్టూ ఒకటి చివరిదాకా తిప్పుతారు. మన జడకు మూడు పాయలు, దీనికి రెండే. విప్పడమూ తేలికే. పడుకునేటప్పుడు శాటిన్ టోపీ పెట్టుకుంటారు. నూలు గలీబు జుట్టులోని తేమను పీల్చేస్తుంది, రాపిడీ ఎక్కువే.

సొంత జుట్టుతో వేసుకున్నవి ఒకటి రెండు వారాలు నిలుస్తాయి. సవరం కలిపి వేసే సెనెగలీస్ ట్విస్టులనైతే 6 నుంచి 8 వారాల్లో విప్పేయడం మంచిది.

బిగించి వేస్తే మాత్రం అసలుకే మోసం. నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు ఊడుతుంది. వైద్యులు దీన్ని 'ట్రాక్షన్ అలోపీసియా' అంటారు. ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లు దెబ్బతిని మళ్లీ మొలవదు. వేసేటప్పుడు నొప్పి పుడితే వదులు చేయమని అడగాల్సిందే, మొహమాటం పనికిరాదు.

ఈ జుట్టుకు చట్టం అండ కూడా కావాల్సివచ్చింది. ట్విస్టులు, బ్రెయిడ్ల పేరుతో బడుల్లో, ఉద్యోగాల్లో చూపే వివక్షను నిషేధిస్తూ కాలిఫోర్నియా 2019లో 'క్రౌన్ యాక్ట్' తెచ్చింది. అదే ఏడాది న్యూయార్క్, న్యూజెర్సీ కూడా అలాంటి చట్టాలు చేశాయి.