డేటాబేస్ ఉద్యోగాలు: యంత్రం ఏది తీసుకుంటుంది, మనకేం మిగులుతుంది?

అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ కోర్సుకు ఫీజు కట్టే ముందు మన విద్యార్థులు అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా? ఉంటాయి, కానీ అన్నీ ఉండవు. ముందుగా పోయేవి మాత్రం, కుటుంబంలో మొదటిసారి చదువుకున్నవాళ్లు కాలుపెట్టే కింది మెట్లే. అందుకే దీన్ని ఒక కెరీర్ సలహాగా మాత్రమే కాక మన హక్కుల ప్రశ్నగా కూడా చూడాలని అంటున్నాం.

మూడు మెట్లు

డేటాబేస్ పనిలో స్థూలంగా మూడు మెట్లున్నాయి. మొదటిది డేటా ఎంట్రీ. రెండోది నిర్వహణ: బ్యాకప్ తీయడం, ప్యాచ్‌లు వేయడం, ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో చూడటం. మూడోది డిజైన్: ఏ సమాచారం సేకరించాలి, ఏ టేబుల్‌లో ఏ కాలమ్ ఉండాలి, ఒక మనిషిని మరో మనిషి నుంచి ఎలా వేరుగా గుర్తించాలి అని నిర్ణయించడం.

2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్‌బోర్న్ అమెరికాలోని 702 వృత్తులను పరిశీలించారు. డేటా ఎంట్రీ పని యంత్రాల పాలయ్యే అవకాశం 99 శాతమనీ, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లకు 3 శాతమేననీ అంచనా వేశారు. ఆ 3 శాతం చూసి నిశ్చింతగా ఉండలేం. తనంతట తానే ప్యాచ్‌లు వేసుకుని, వేగాన్ని సరిచేసుకునే డేటాబేస్‌ను ఒరాకిల్ 2018లోనే మార్కెట్లోకి తెచ్చింది. బ్యాకప్‌లను క్లౌడ్ కంపెనీలే చూసుకుంటున్నాయి. మామూలు మాటల్లో అడిగితే ఏఐ క్వెరీ రాసిస్తోంది. అంటే రెండో మెట్టు కూడా అరుగుతోంది.

డిజైన్ ఎందుకు మిగులుతుంది?

టేబుల్ గీయడం ఏఐకీ వచ్చు. కానీ ఆ టేబుల్‌లో ఎవరు ఇమడరో చెప్పాలంటే సమాజం తెలియాలి.

2011 సామాజిక, ఆర్థిక, కుల గణననే చూడండి. ముందుగా కులాల జాబితా తయారు చేసుకోకుండా, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఒకే కులం పేరు పలు స్పెల్లింగులతో నమోదైంది. 1931 జనగణనలో 4,147 కులాలుంటే, ఇందులో 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ కులాల లెక్క బయటికే రాలేదు. ఒక కాలమ్‌ను సరిగా డిజైన్ చేయకపోవడానికి దేశం చెల్లించిన మూల్యంలో అదీ ఒక భాగం.

తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. అనర్హుల ఏరివేతకు, వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చే ‘సమగ్ర వేదిక’ను కూడా వాడారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒకే పేరున్న ఇద్దరిని యంత్రం ఒక్కరిగా లెక్కేస్తే, బియ్యం ఆగేది పేదింట్లోనే.

ఇప్పుడు ఎస్సీ వర్గీకరణ. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 షెడ్యూల్డ్ కులాలు మూడు గ్రూపులయ్యాయి. ఏ రికార్డులోనైనా ‘ఎస్సీ’ అని మాత్రమే ఉంటే అభ్యర్థిది ఏ గ్రూపో తేలదు. కులం, గ్రూపు వేర్వేరుగా ఉండాలి. రేపు చట్టం మారితే పాత నమోదు చెరిగిపోకూడదు. ఇవన్నీ డిజైనర్ ముందున్న ప్రశ్నలు. కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు వీటిలో సగం ముందే తెలుసు.

ఏం చేయాలి?

విద్యార్థులు కమాండ్లు బట్టీపట్టి ఆగిపోవద్దు. నార్మలైజేషన్, ప్రైమరీ కీ, రికార్డుల జోడింపు, డేటా గోప్యత నేర్చుకోండి. ఏఐ రాసిన క్వెరీలో తప్పు పట్టగలిగేంత ఎస్‌క్యూఎల్ రావాలి. మీ హాస్టల్‌కో, ఊరి ఉపాధి హామీ జాబ్ కార్డులకో చిన్న డేటాబేస్ గీసి చూడండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అది ఎక్కువ మాట్లాడుతుంది.

కార్యకర్తలు అడగాల్సింది వేరే ఉంది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు లేవు. ప్రభుత్వ ఆఫీసుల్లో కంప్యూటర్ ఆపరేటర్లు చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్‌లోనే ఉన్నారు. ఆ పోస్టులు తగ్గించే ముందు వారికి పై మెట్టు శిక్షణ ఇవ్వాలని అడగాలి. సంక్షేమ పథకాల డేటాబేస్ ఎలా గీశారో బయటపెట్టాలని అడగాలి. 2027 జనగణనలో కులం నమోదు చేయబోతున్నారు. ఆ కులాల జాబితా తయారయ్యే చోట మనవాళ్లూ కూర్చోవాలి. నింపే చేతులుగానే మిగిలితే యంత్రం మనల్ని తోసేస్తుంది. గీసే చేతులుగా మారితే మన లెక్క మనం రాసుకుంటాం.